పీ53 బ్యాండ్ చూసి మోసపోకండి: టీపీ53 జన్యువునూ దాని ప్రొటీన్‌నూ ల్యాబ్‌లో పరీక్షించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

టీపీ53 జన్యువు నుంచి తయారయ్యే పీ53 ప్రొటీన్ మీద పని మొదలుపెట్టిన వాళ్లు దాదాపు అందరూ ముందు చేసేది వెస్టర్న్ బ్లాటే (ప్రొటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, యాంటీబాడీతో వెతికే పరీక్ష). 53 కిలోడాల్టన్ల దగ్గర నల్లగా బ్యాండ్ వస్తే ‘పీ53 పనిచేస్తోంది’ అనీ, రాకపోతే ‘పీ53 లేదు’ అనీ నోట్‌బుక్‌లో రాసేస్తారు. రెండూ తప్పయ్యే అవకాశం గట్టిగానే ఉంది. పీ53 బాగున్న కణంలో, ఏ మందూ వేయనప్పుడు, బ్యాండ్ కనబడీ కనబడనట్టు ఉంటుంది. ఏమీ చేయకుండానే లావుగా, నల్లగా వచ్చిందంటే చాలాసార్లు అది చెడిపోయిన పీ53.

ఈ పొరపాటు కొత్తవాళ్లదే కాదు. 1979లో లండన్‌లో డేవిడ్ లేన్, లయనెల్ క్రాఫర్డ్, ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవిన్, న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందాలు ఈ ప్రొటీన్‌ను గుర్తించాయి. క్యాన్సర్ కణాల్లో కుప్పలుగా ఉంది కాబట్టి క్యాన్సర్‌ను పెంచేది ఇదేనని దాదాపు పదేళ్లు అనుకున్నారు. అప్పట్లో వాడిన క్లోన్లలో (ల్యాబ్‌లో కాపీ చేసుకున్న జన్యు ప్రతుల్లో) చాలావాటిలో మ్యుటేషన్ ఉందని తర్వాత తేలింది. పెద్దపేగు క్యాన్సర్లలో ఈ జన్యువు ఒక ప్రతి పోయి, రెండో ప్రతి చెడిపోయి ఉంటోందని 1989లో బర్ట్ వోగెల్‌స్టైన్ బృందం చూపాక కథ తిరగబడింది: ఇది క్యాన్సర్‌ను ఆపే ప్రొటీన్.

అందుకని ఇక్కడ మూడు ప్రశ్నలు విడివిడిగా అడుగుదాం. ప్రొటీన్ ఎంత ఉంది? అది తన కింది జన్యువులను నిజంగా నడుపుతోందా? జన్యువులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయా? మూడు జవాబులూ పక్కపక్కన పెట్టాకే నోరు విప్పాలి.

జన్యువు, ప్రొటీన్: బెంచ్ దగ్గర పనికొచ్చేంత వరకు

టీపీ53 జన్యువు 17వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద 17పీ13.1 దగ్గర ఉంది. పొడవు సుమారు 19 కిలోబేసులు, ఎక్సాన్లు (తుది ఆర్ఎన్ఏలో మిగిలే ముక్కలు) 11. మొదటి ఎక్సాన్‌లో ప్రొటీన్ కోడ్ లేదు. దాని వెనకనున్న ఇంట్రాన్ (ఎక్సాన్ల నడుమ, ఆర్ఎన్ఏలోంచి కత్తిరించి తీసేసే భాగం) ఒక్కటే 10 కిలోబేసులు దాటుతుంది. కోడ్ రెండో ఎక్సాన్‌లో మొదలై పదకొండో ఎక్సాన్‌లో ముగుస్తుంది. జన్యువు మైనస్ స్ట్రాండ్ మీద ఉందన్న సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, సీక్వెన్సింగ్ దగ్గర చాలామంది తడబడేది దీనివల్లే. ఎదురు స్ట్రాండ్ మీద డబ్ల్యూఆర్‌ఏపీ53 అనే ఇంకో జన్యువు దీని మొదటి భాగం మీదుగా వెళ్తుంది. మొదటి ఎక్సాన్ దగ్గర ప్రైమర్లు పెట్టేవాళ్లు అది కూడా చూసుకోవాలి.

ప్రొటీన్ పొడవు 393 అమైనో ఆమ్లాలు. మొదటి 61 అమైనో ఆమ్లాలు జన్యువులను ఆన్ చేసే భాగం. పీ53ని అదుపులో ఉంచే ఎండీఎం2 ప్రొటీన్ వచ్చి పట్టుకునేది కూడా ఇక్కడే, 19వ ఫినైలాలనిన్, 23వ ట్రిప్టోఫాన్, 26వ ల్యూసిన్ దగ్గర. 64 నుంచి 92 దాకా ప్రోలిన్లు ఎక్కువ. 102 నుంచి 292 దాకా డీఎన్ఏను పట్టుకునే భాగం, మధ్యలో ఒక జింక్ అయాన్. 325 నుంచి 356 దాకా ఉన్న ముక్క నాలుగు పీ53లను ఒక జట్టుగా కలుపుతుంది. చివరి 30 అమైనో ఆమ్లాల తోకలో లైసిన్లు ఎక్కువ. లెక్క ప్రకారం బరువు 43.7 కిలోడాల్టన్లే అయినా, ప్రోలిన్ల భాగం వల్ల జెల్‌లో మెల్లగా నడిచి 53 దగ్గర ఆగుతుంది. పేరులోని 53 ఆ జెల్ చలవే.

డీఎన్ఏ మీద ఇది వెతికే గుర్తు పది అక్షరాలది: మూడు ప్యూరిన్లు, సీ, ఏ లేదా టీ రెండు, జీ, మూడు పిరిమిడిన్లు. అలాంటివి రెండు, మధ్యలో 0 నుంచి 13 అక్షరాల ఖాళీ. కణ విభజనను ఆపే పీ21 ప్రొటీన్‌ను తయారుచేసే సీడీకేఎన్1ఏ జన్యువుకు సుమారు 2.3 కిలోబేసుల ఎగువన ఇలాంటిది ఒకటి ఉంది. ఎండీఎం2 జన్యువు మొదటి ఇంట్రాన్‌లోనూ ఉంది.

ఈ ఎండీఎం2 సంగతే అసలు కీలకం. పీ53 పెరిగితే ఎండీఎం2 తయారవుతుంది, ఆ ఎండీఎం2 పీ53కి యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాజోమ్‌కు పంపేస్తుంది. మామూలు కణంలో పీ53 అర్ధాయువు సుమారు 20 నిమిషాలే. మేడ మీది నీళ్ల ట్యాంకులో ఫ్లోట్ వాల్వు చేసే పని ఇదే. వాల్వు పాడైతే ట్యాంకు పొంగుతుంది. మ్యుటేషన్ ఉన్న పీ53 డీఎన్ఏను పట్టుకోలేదు, తనను కోసే ఎండీఎం2ను తగినంత తయారుచేయించలేదు, అలా పేరుకుపోతుంది.

దశ 1: సెల్ లైన్లు ఎంచుకోవడం

ఒక్క సెల్ లైన్‌తో (ల్యాబ్‌లో తరాల తరబడి పెంచుతూ వచ్చే ఒక రకం కణాలతో) చేసిన పీ53 ప్రయోగానికి విలువ తక్కువ. కనీసం మూడు కావాలి: మంచి పీ53 ఉన్నది, అసలు లేనిది, చెడిపోయినది. మంచిదానికి ఎంసీఎఫ్-7 లేదా ఏ549 లేదా యూ2ఓఎస్. లేనిదానికి హెచ్1299 లేదా సాయోస్-2. చెడిపోయినదానికి ఎస్‌కే-బీఆర్-3 (175వ ఆర్జినిన్ స్థానంలో హిస్టిడిన్), ఎండీఏ-ఎంబీ-468 లేదా హెచ్‌టీ-29 (రెండింటిలోనూ 273వ ఆర్జినిన్ స్థానంలో హిస్టిడిన్), ఎండీఏ-ఎంబీ-231 (280వ ఆర్జినిన్ స్థానంలో లైసిన్). అన్నింటికన్నా మేలైన జత హెచ్‌సీటీ116, దాని పీ53 తీసేసిన తోబుట్టువు. 1998లో వోగెల్‌స్టైన్ ల్యాబ్‌లో తయారైంది. మిగతా జన్యువులన్నీ దాదాపు ఒకటే కాబట్టి తేడా పీ53 వల్లేనని ధైర్యంగా చెప్పొచ్చు. మన దగ్గర ఎంసీఎఫ్-7 లాంటి మామూలు లైన్లు పుణెలోని ఎన్‌సీసీఎస్ సెల్ రిపాజిటరీ నుంచి వస్తాయి. పక్క ల్యాబ్ ఫ్రీజర్‌లోంచి లేబుల్ చెరిగిన వయల్ తెచ్చుకోవడం కన్నా ఆ దారే నయం. ఎలా తెచ్చుకున్నా ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాలు ఆ లైన్‌వేనా అని తేల్చే డీఎన్ఏ పరీక్ష), మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పరీక్ష రెండూ చేయించండి. మైకోప్లాస్మా పట్టిన కణాల్లో పీ53 స్పందన చెడిపోతుంది, పైకి కణాలు బాగానే కనబడతాయి.

రెండు లైన్ల దగ్గర జాగ్రత్త. హీలాలో జన్యువు శుభ్రంగానే ఉంది, కానీ హెచ్‌పీవీ 18 రకం వైరస్ తాలూకు ఈ6 ప్రొటీన్ పీ53ని పట్టి ప్రొటియాజోమ్‌కు తోసేస్తుంది. బ్యాండ్ దాదాపు కనబడదు. హెచ్‌ఈకే293లో దీనికి తలకిందులు: అడినోవైరస్ ఈ1బీ ప్రొటీన్ పీ53కి అతుక్కుని కదలనివ్వదు, బ్యాండ్ లావుగా వస్తుంది, పని సున్నా. 293టీలో దానికి తోడు ఎస్‌వీ40 లార్జ్ టీ కూడా ఉంటుంది. ‘హెచ్‌ఈకేలో పీ53 బాగా ఎక్స్‌ప్రెస్ అవుతోంది’ అని థీసిస్‌లో రాస్తే వైవాలో నిలబడటం కష్టం.

ఎంసీఎఫ్-7 వాడేవాళ్లకు ఇంకో మాట. దీనిలో క్యాస్పేస్-3 జన్యువు తెగిపోయి ఉంది. పీ53 పెరిగాక అపోప్టోసిస్ (కణం తనంతట తాను చనిపోవడం) చూపడానికి క్లీవ్డ్ క్యాస్పేస్-3 బ్లాట్ ఎన్నిసార్లు చేసినా బ్యాండ్ రాదు. ముక్కలైన పార్ప్ ప్రొటీన్ కోసం చూడండి, లేదా చనిపోతున్న కణాలకు అతుక్కునే అనెక్సిన్ వీ వాడండి.

దశ 2: కణాలను కదిలించడం

6 వెల్ ప్లేట్‌లో ఒక్కో వెల్‌కు 3 లక్షల కణాలు, 2 మి.లీ. మీడియా (డీఎంఈఎం, 10 శాతం ఎఫ్‌బీఎస్). 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మర్నాటికి 60–70 శాతం నిండాలి. పూర్తిగా నిండిన ప్లేట్ మీద మందు వేయకండి. కిక్కిరిసిన కణాలు విభజన తగ్గించుకుని ఉంటాయి, పీ21 ముందే పెరిగి ఉంటుంది.

మందులు రెండు వాడాలి, ఎందుకంటే అవి వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి. డాక్సోరుబిసిన్ టోపోఐసోమరేస్ 2ను అడ్డుకుని డీఎన్ఏ రెండు పోగులనూ తెంపుతుంది. దానికి ఏటీఎం కైనేజ్ మేల్కొని పీ53లో 15వ సెరిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, చెక్2 కైనేజ్ 20వ సెరిన్‌కు తగిలిస్తుంది, ఎండీఎం2 పట్టు సడలుతుంది. నట్లిన్-3ఏ డీఎన్ఏ జోలికే పోదు. ఎండీఎం2లో పీ53 కూర్చునే గుంటలో తాను కూర్చుంటుంది. కాబట్టి నట్లిన్ వేసినప్పుడు పీ53 పెరగాలి, 15వ సెరిన్ ఫాస్ఫేట్ మాత్రం పెద్దగా పెరగకూడదు. పెరిగిందంటే మీ కణాలు వేరే ఏదో ఒత్తిడిలో ఉన్నట్టు.

డాక్సోరుబిసిన్ హైడ్రోక్లోరైడ్ 5.8 మి.గ్రా.ను 1 మి.లీ. శుభ్రమైన నీళ్లలో కలిపితే 10 మిల్లీమోలార్ స్టాక్. చిన్న భాగాలు చేసి, వెలుతురు తగలకుండా మైనస్ 20లో ఉంచండి. అందులోంచి 100 మైక్రోమోలార్‌కు పలచన చేసి, 2 మి.లీ. మీడియా ఉన్న వెల్‌లో 10 మైక్రోలీటర్లు వేస్తే 0.5 మైక్రోమోలార్. స్టాక్ నుంచి నేరుగా 0.1 మైక్రోలీటర్ పిపెట్ చేద్దామనుకోవద్దు, ఒక్కో వెల్‌కు ఒక్కో మోతాదు పడుతుంది. నట్లిన్-3ఏ 10 మిల్లీమోలార్ డీఎంఎస్ఓ స్టాక్ నుంచి 2 మైక్రోలీటర్లు, అంటే 10 మైక్రోమోలార్, డీఎంఎస్ఓ 0.1 శాతం. కంట్రోల్ వెల్‌లోనూ అంతే డీఎంఎస్ఓ వేయాలి. ప్లేట్ ముందుకూ వెనక్కూ కదపండి. గుండ్రంగా తిప్పితే కణాలన్నీ మధ్యకు చేరతాయి.

ఎక్కువ మందు వేస్తే ఎక్కువ ఫలితం వస్తుందనుకుని 5 మైక్రోమోలార్ వేసేవాళ్లున్నారు. ఆ మోతాదులో డాక్సోరుబిసిన్ ట్రాన్స్‌క్రిప్షన్‌నే అణచేస్తుంది. పీ53 బ్యాండ్ కొండంత, పీ21 మాత్రం కదలదు. మ్యుటేషన్ ఉందేమోనని అనవసరంగా సీక్వెన్సింగ్‌కు పరిగెత్తాల్సి వస్తుంది.

సమయం 0, 4, 8, 24 గంటలు. ఒక్క 24 గంటల పాయింటే తీసుకోవడం మంచిది కాదు. గామా కిరణాలు తగిలిన ఎంసీఎఫ్-7 కణాల్లో పీ53, ఎండీఎం2 కొన్ని గంటలకోసారి లేస్తూ పడుతూ ఉంటాయని గలిత్ లహావ్, ఊరీ అలోన్ బృందం 2004లో ఒక్కో కణాన్నీ వీడియో తీసి చూపింది. అల కింద ఉన్నప్పుడు కణాలు తీస్తే ‘స్పందన లేదు’ అనిపిస్తుంది.

హీలా వాడుతుంటే ఒక వెల్‌లో ఎంజీ132 10 మైక్రోమోలార్ 4 గంటలు వేయండి. ప్రొటియాజోమ్ ఆగి, తయారవుతున్న పీ53 నిలబడి కనబడుతుంది.

దశ 3: లైసేట్ (కణాలను పగలగొట్టి తీసే ద్రవం)

24 గంటల పాయింట్‌లో మీడియాను సింక్‌లో పారబోయకండి. తేలుతున్న కణాలు ఎక్కువ స్పందించినవే. వాటిని స్పిన్ చేసి ప్లేట్ కణాలతో కలపాలి. మిగిలిన మీడియా సైటోటాక్సిక్ వ్యర్థం, దాని డబ్బాలోకే.

రిపా బఫర్: ట్రిస్ 50 మిల్లీమోలార్ పీహెచ్ 7.4, ఉప్పు 150 మిల్లీమోలార్, ఎన్‌పీ-40 1 శాతం, సోడియం డీఆక్సీకోలేట్ 0.5 శాతం, ఎస్‌డీఎస్ 0.1 శాతం. వాడే ముందే ప్రొటీయేస్ ఇన్హిబిటర్ మిశ్రమం, పీఎంఎస్ఎఫ్ 1 మిల్లీమోలార్ కలపాలి. పీఎంఎస్ఎఫ్ నీళ్లలో త్వరగా విరిగిపోతుంది, పొద్దున కలిపింది సాయంత్రానికి పనికిరాదు. ఫాస్ఫేట్ చూడాలంటే సోడియం ఫ్లోరైడ్ 10 మిల్లీమోలార్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్ తప్పనిసరి. చాలా ల్యాబ్‌లలో ఆర్థోవనడేట్ ఒక్కటే వేసి ఊరుకుంటారు. అది ముఖ్యంగా టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను ఆపుతుంది. మనకు కావలసింది సెరిన్.

చల్లటి పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, వెల్‌కు 100 మైక్రోలీటర్ల బఫర్ వేసి, గీకి ట్యూబ్‌లోకి తీయండి. 30 నిమిషాలు ఐస్ మీద. తర్వాత 5 సెకన్ల చొప్పున మూడుసార్లు సోనికేట్ చేయాలి. ఇది వదిలేస్తే పీ53 కొంత క్రొమాటిన్‌తో పాటే పెల్లెట్‌లో ఉండిపోతుంది, పైగా మందు బాగా పనిచేసిన శాంపిల్‌లోనే ఎక్కువ పోతుంది. లైసేట్ చీమిడిలా సాగుతుంటే డీఎన్ఏ ఇంకా తెగలేదన్నమాట, జెల్ బావిలోంచి పైకి తేలిపోతుంది. 14,000 జీ, 15 నిమిషాలు, 4 డిగ్రీలు. పై ద్రవం తీసుకోండి.

ప్రొటీన్ కొలతకు బీసీఏ అనే రంగు పరీక్ష. రిపాలోని డిటర్జెంట్ బ్రాడ్‌ఫర్డ్ రంగును తప్పుదోవ పట్టిస్తుంది. ఒక్కో లేన్‌కు 30 మైక్రోగ్రాములు, 4ఎక్స్ లోడింగ్ బఫర్ కలిపి 95 డిగ్రీల్లో 5 నిమిషాలు.

దశ 4: జెల్, ట్రాన్స్‌ఫర్, యాంటీబాడీ

పీ53కీ పీ21కీ 12 శాతం జెల్. 10 శాతం జెల్‌లో పీ21 రంగుతో పాటు కిందికి జారిపోతుంది. 90 కిలోడాల్టన్ల దగ్గర నడిచే ఎండీఎం2కు 8 శాతం జెల్ వేరుగా పోసుకోవడం సుఖం. మెంబ్రేన్ పీవీడీఎఫ్, పీ21 కోసం 0.2 మైక్రాన్ల రంధ్రాలది. మిథనాల్‌లో అర నిమిషం తడపడం మరిచిపోతే మెంబ్రేన్ తెల్లగానే మిగులుతుంది. 100 వోల్టులు, 75 నిమిషాలు, ట్యాంక్ ఐస్‌లో. మే నెలలో ఏసీ లేని గదిలో అయితే మధ్యలో ఐస్ మార్చాలి. తీశాక పోన్సో రంగు వేసి ఫొటో తీసి పెట్టుకోండి. లేన్లు సమానంగా లేకపోతే అక్కడే ఆగిపోండి. రెండు రోజుల యాంటీబాడీ మిగులుతుంది.

బ్లాకింగ్ 5 శాతం స్కిమ్ మిల్క్, ఒక గంట. ఫాస్ఫో యాంటీబాడీకి పాలు వద్దు, బీఎస్ఏ వాడండి. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి.

పీ53కి వాడుకలో ఉన్నది డీఓ-1 అనే ఎలుక మోనోక్లోనల్. 1:1000, 4 డిగ్రీల్లో రాత్రంతా. ఇది పట్టుకునేది 20 నుంచి 25 అమైనో ఆమ్లాల మధ్య. దీని నుంచి మూడు సంగతులు తెలుస్తాయి. ముందు భాగం లేని డెల్టా40, డెల్టా133 ఐసోఫామ్‌లు దీనికి కనబడవు. మౌస్ కణాల్లో ఇది పనిచేయదు. ‘డీఓ-1తో బ్యాండ్ లేదు’ అంటే ‘ఏ పీ53 ముక్కా లేదు’ అని అర్థం కాదు. అనుమానం ఉంటే తోక వైపు పట్టుకునే పీఏబీ421తో ఇంకో బ్లాట్ చేయాలి.

లోడింగ్ కంట్రోల్‌గా యాక్టిన్ 42 దగ్గర వస్తుంది. పీ53 లావుగా ఉన్న మెంబ్రేన్ మీద సరిగా స్ట్రిప్ చేయకపోతే రెండూ కలిసిపోతాయి. విన్‌క్యులిన్ 117 దగ్గర, దూరంగా ఉంటుంది. మెంబ్రేన్‌ను అడ్డంగా కోసి పై ముక్క మీద దాన్నీ, మధ్య ముక్క మీద పీ53నీ, కింది ముక్క మీద పీ21నీ ఒకేసారి చేసుకోవచ్చు.

ఇమ్యునోప్రెసిపిటేషన్ (యాంటీబాడీతో ప్రొటీన్‌ను లైసేట్‌లోంచి లాగడం) చేసేవాళ్లను పట్టి పీడించేది 50–55 కిలోడాల్టన్ల దగ్గరి యాంటీబాడీ హెవీ చెయిన్. పీ53 సరిగ్గా దాని వెనకే దాక్కుంటుంది. ఎలుక డీఓ-1తో లాగి, కుందేలు యాంటీబాడీతో బ్లాట్ చేయండి, లేదా లైట్ చెయిన్‌నే పట్టుకునే సెకండరీ వాడండి. యాంటీబాడీ ఉండి లైసేట్ లేని లేన్ ఒకటి పెట్టనిదే ఆ బ్యాండ్‌ను నమ్మకండి.

ఒక లైన్‌లో బ్యాండ్ ఇంకో లైన్‌లో కన్నా కొంచెం పైకో కిందికో జరిగి కనబడితే కంగారు పడొద్దు. 72వ స్థానంలో ప్రోలిన్ ఉన్న పీ53, ఆర్జినిన్ ఉన్నదానికన్నా కాస్త మెల్లగా నడుస్తుంది. ఇది మనుషుల్లో సహజంగా ఉండే తేడా.

దశ 5: పని చేస్తోందా?

ఇక్కడ టీపీ53 ఆర్ఎన్ఏ కొలిచి ‘స్పందన లేదు’ అని తేల్చేసేవాళ్లు కొల్లలు. పీ53 పెరుగుదల ప్రధానంగా ప్రొటీన్ నిలకడ వల్ల వస్తుంది, ఆర్ఎన్ఏ పెద్దగా మారదు. కొలవాల్సింది దాని కింది జన్యువులను: సీడీకేఎన్1ఏ, ఎండీఎం2, వీలైతే జీడీఎఫ్15, పూమా ప్రొటీన్‌ను ఇచ్చే బీబీసీ3.

వెల్‌కు 1 మి.లీ. ట్రైజాల్, ఆర్ఎన్ఏ తీశాక డీఎన్ఏస్, 1 మైక్రోగ్రాముతో సీడీఎన్ఏ, పదింతలు పలచన చేసి 2 మైక్రోలీటర్లు ఒక్కో రియాక్షన్‌కు. ప్రైమర్లు రెండు ఎక్సాన్ల మీద ఉండాలి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ వేయని శాంపిల్ తప్పకుండా నడపండి. 4 గంటలకు ఎండీఎం2, 8 గంటలకు సీడీకేఎన్1ఏ స్పష్టంగా లేవాలి.

పీ21 ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. టీజీఎఫ్ బీటా లాంటివి పీ53 లేకుండానే పీ21ను పెంచుతాయి. పీ21, ఎండీఎం2 రెండూ లేవాలి, పీ53 లేని లైన్‌లో అదే మందుకు అవి లేవకూడదు. ఈ రెండో షరతు లేకపోతే మొదటిది సాక్ష్యం కాదు.

నిలకడ కూడా చూడాలనిపిస్తే, కొత్త ప్రొటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ మి.లీ.కు 50 మైక్రోగ్రాములు వేసి 0, 15, 30, 60, 120 నిమిషాలకు లైసేట్ తీయండి. ఎంసీఎఫ్-7లో బ్యాండ్ చూస్తుండగానే మాయమవుతుంది. ఎస్‌కే-బీఆర్-3లో రెండు గంటల తర్వాతా బలంగా నిలిచే ఉంటుంది.

దశ 6: అక్షరాలు చదవడం

డీఎన్ఏను పట్టుకునే భాగంలో ఎక్కువ మ్యుటేషన్లు పడేది 5 నుంచి 8 ఎక్సాన్లలో. అమైనో ఆమ్లాల లెక్కలో ఐదోది 126 నుంచి 187 దాకా, ఆరోది 224 దాకా, ఏడోది 261 దాకా, ఎనిమిదోది 307 దాకా. హాట్‌స్పాట్లలో (మ్యుటేషన్లు తరచూ పడే స్థానాల్లో) 175 ఐదో ఎక్సాన్‌లో, 245, 248, 249 ఏడులో, 273, 282 ఎనిమిదిలో. 5, 6 ఎక్సాన్ల మధ్య ఇంట్రాన్ 81 అక్షరాలే, కాబట్టి రెండూ ఒకే పీసీఆర్‌లో వస్తాయి. అయితే ఈ నాలుగు ఎక్సాన్లతో ఆగిపోయి ‘మ్యుటేషన్ లేదు’ అనకండి. నాలుగో ఎక్సాన్, 9, 10 కూడా చదవాలి. దక్షిణ బ్రెజిల్‌లో కుటుంబాల్లో వచ్చే 337వ ఆర్జినిన్ మార్పు పదో ఎక్సాన్‌లోదే.

ప్రైమర్లు ఇంట్రాన్‌లోపల, ఎక్సాన్ అంచుకు కనీసం 50 అక్షరాల దూరంలో పెట్టండి. శాంగర్ సీక్వెన్సింగ్ రీడ్‌లో మొదటి 30–40 అక్షరాలు మసకగా వస్తాయి, స్ప్లైస్ సైట్లు ఆ మసకలో పడకూడదు. 25 మైక్రోలీటర్లలో డీఎన్ఏ 50 నానోగ్రాములు, ప్రైమర్లు 0.4 మైక్రోమోలార్, 95 డిగ్రీల్లో 2 నిమిషాలు, తర్వాత 95, 60, 72 డిగ్రీల్లో 30 సెకన్ల చొప్పున 35 చుట్లు. రెండు వైపుల నుంచీ చదివించండి. డీఎన్ఏ లేని ట్యూబ్‌లో బ్యాండ్ వస్తే మొత్తం పారేసి మళ్లీ చేయాలి.

క్రొమాటోగ్రామ్ కళ్లతో చూడాలి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అక్షరాలను నమ్మి వదిలేయకూడదు. ఒకే చోట రెండు శిఖరాలుంటే ఒక ప్రతి మారింది, రెండోది బాగుంది. ట్యూమర్ ముక్కలో 15–20 శాతం కన్నా తక్కువ కణాల్లోని మార్పు శాంగర్‌కు అందదు, దానికి ఎన్‌జీఎస్ (నెక్స్ట్ జనరేషన్ సీక్వెన్సింగ్) కావాలి.

పేరు పెట్టేటప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ ఎన్ఎం_000546 అని రాయండి. 175వ ఆర్జినిన్ హిస్టిడిన్ కావడం సీ.524లో (కోడ్‌లోని 524వ అక్షరంలో) జీ బదులు ఏ రావడం. కానీ అదే మార్పు సీక్వెన్సింగ్ మార్పులను పట్టికగా ఇచ్చే వీసీఎఫ్ ఫైల్‌లో సీ బదులు టీ అని కనబడుతుంది, కారణం మైనస్ స్ట్రాండ్. మానవ జీనోమ్ బిల్డ్ (ప్రామాణిక ప్రతి) జీఆర్‌సీహెచ్38లో దాని స్థానం 7,675,088, పాత 37లో 7,578,406. బిల్డ్ చెప్పని నంబరు ఎవరికీ పనికిరాదు. సీ.215లో సీ బదులు జీ కనబడితే అది ఇందాకటి 72వ స్థానం తేడాయే. మ్యుటేషన్ల పట్టికలోకి ఎక్కించకండి. మిగతావి టీపీ53 డేటాబేస్‌లో వెతకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మొదలుపెట్టిన దాన్ని ఇప్పుడు అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది.

మార్పులన్నీ ఒక రకం కావు. 248, 273 ఆర్జినిన్లు నేరుగా డీఎన్ఏను తాకేవి. అవి పోతే ఆకారం చాలావరకు ఉంటుంది, పట్టు పోతుంది. 175 పోతే పక్కనున్న జింక్ జారి ఆకారమే చెదురుతుంది. 249వ ఆర్జినిన్ సెరిన్ కావడం, బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లోని అఫ్లాటాక్సిన్ బీ1 వదిలే గుర్తు. ఆ విషం ఎక్కువగా తిన్న ప్రాంతాల కాలేయ క్యాన్సర్లలో కనబడుతుంది.

రక్తం శాంపిల్‌లో తక్కువ శాతంలో టీపీ53 మార్పు వస్తే వెంటనే లీ-ఫ్రౌమెనీ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చిన టీపీ53 మార్పు వల్ల క్యాన్సర్ల ముప్పు పెరిగే జబ్బు) అనేయడం ప్రమాదం. వయసు మీరినవాళ్లలో, కీమో తీసుకున్నవాళ్లలో రక్తకణాల్లో కొన్ని క్లోన్లు ఈ మార్పుతో పెరుగుతుంటాయి. చర్మం ఫైబ్రోబ్లాస్ట్‌లలోనూ ఉందని తేలాకే అది పుట్టుకతో వచ్చిందనాలి. ఇలాంటి రిపోర్టును జెనెటిక్ కౌన్సెలర్ చేతికివ్వాలి.

మూడు జవాబులూ కలిపి చూస్తే

మందు లేనప్పుడు బ్యాండ్ సన్నగా, నట్లిన్‌కు పెరిగి, వెంట పీ21, ఎండీఎం2 లేస్తే పీ53 బాగుంది. ఇక్కడ సీక్వెన్సింగ్ లాంఛనమే, అయినా ఒకసారి చేయండి.

మొదటి నుంచీ లావుగా ఉండి, మందుకు కదలక, పీ21, ఎండీఎం2 కూడా లేవకపోతే చాలావరకు మిస్‌సెన్స్ మ్యుటేషన్ (ఒక అమైనో ఆమ్లం బదులు ఇంకొకటి వచ్చే మార్పు). పాథాలజీలో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (కణజాలపు ముక్కకు యాంటీబాడీతో రంగు వేసే పద్ధతి) చదివేవాళ్ల లెక్క కూడా ఇదే: కేంద్రకాలన్నీ గాఢంగా రంగెక్కినా, ఒక్కటీ ఎక్కకపోయినా రెండూ అసహజమే, అక్కడొకటి ఇక్కడొకటి మసగ్గా ఎక్కితే సహజం. అయితే ఒక్కటీ ఎక్కనప్పుడు పక్కనున్న మామూలు కణాలకు కాస్తయినా రంగు ఎక్కిందో లేదో చూడాలి, లేకపోతే స్టెయినింగే విఫలమై ఉండొచ్చు.

లావుగా ఉండి జన్యువు శుభ్రంగా వస్తే వైరస్ ప్రొటీన్ కోసం వెతకండి, లేదా చదవని ఎక్సాన్లు చదవండి. బ్యాండ్ అసలు లేక, ఎంజీ132కు వస్తే దాన్ని ఎవరో నరుకుతున్నారు. ఎంజీ132కూ రాకపోతే జన్యువు ముక్క పోయి ఉండాలి, లేదా నడుమనే ఆపేసే మార్పు ఉండాలి.

అన్నింటికన్నా చిక్కైనది పీ53 చక్కగా పెరిగి, జన్యువు శుభ్రంగా ఉండి, పీ21 మాత్రం లేవకపోవడం. ముందు మోతాదు తగ్గించి, సమయం మార్చి చూడండి. అప్పటికీ లేవకపోతే పీ53 ఆ డీఎన్ఏ దగ్గరికి చేరుతోందా అన్నది చిప్‌తో (క్రొమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్: పీ53ని యాంటీబాడీతో లాగి, దాని వెంట వచ్చిన డీఎన్ఏను చూడటం) తేల్చాలి. 1 శాతం ఫార్మాల్డిహైడ్ 10 నిమిషాలు, గ్లైసిన్ 125 మిల్లీమోలార్ 5 నిమిషాలు, 200–500 అక్షరాల ముక్కలయ్యే దాకా సోనికేషన్, 3 మైక్రోగ్రాముల డీఓ-1, పక్కన అంతే మామూలు మౌస్ ఐజీజీ. ప్రైమర్లు సీడీకేఎన్1ఏ ఎగువ 2.3 కిలోబేసుల చోట ఒక జత, పీ53 గుర్తు లేని ఖాళీ ప్రదేశంలో ఇంకో జత. ఫార్మాల్డిహైడ్ 10 నిమిషాలు దాటితే డీఎన్ఏ తెగదు, యాంటీబాడీకి చోటూ దొరకదు.

చిప్ కాకుండా జెల్ షిఫ్ట్ (ప్రొటీన్ పట్టుకున్న డీఎన్ఏ జెల్‌లో మెల్లగా నడవడాన్ని చూసే పరీక్ష) చేసినా, ఆకారాన్ని బట్టి పట్టుకునే పీఏబీ1620తో లాగినా బఫర్‌లో ఈడీటీఏ వేయకండి. అది జింక్‌ను లాగేస్తుంది, బాగున్న పీ53 కూడా మీ ట్యూబ్‌లోనే విప్పుకుపోయి 175 మ్యుటేషన్ ఉన్నదానిలా ప్రవర్తిస్తుంది. కొనుక్కున్న ప్రొటీయేస్ ఇన్హిబిటర్ మాత్రల్లో చాలావాటిలో ఈడీటీఏ కలిపే ఉంటుంది, డబ్బా మీద చూసి అది లేని రకం తెప్పించుకోండి.